మొదటి ఇల్లు కొని బాగు చేయించుకోవడం: నల్లగొండ, పాలమూరు వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లగొండ, మిర్యాలగూడ, దేవరకొండ, మహబూబ్‌నగర్, జడ్చర్ల, నాగర్‌కర్నూల్ వైపు ఇల్లు కొనే చుట్టాలు, స్నేహితులు ఏడాది పొడుగునా ఇవే సందేహాలు అడుగుతుంటారు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ఏ దశలో ఉన్నవాళ్లు ఆ భాగం చదువుకోవచ్చు. అందరికీ నేను చెప్పేది ఒకటే: కాగితాలు, నీళ్లు, స్లాబు, పునాది లాంటి కంటికి ఆనని వాటి మీద ముందు డబ్బూ టైమూ పెట్టండి. రంగులు, టైల్స్, ఫాల్ సీలింగ్ ఎప్పుడైనా చేయించుకోవచ్చు.

## డబ్బు లెక్క

ఇల్లు 30 లక్షలంటున్నారు. చేతిలో ఎంత ఉంటే దిగొచ్చు?

రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు హోమ్ లోన్ అయితే ఇంటి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల లోన్ అయితే 80 శాతం దాకా బ్యాంకు ఇవ్వొచ్చు. 'దాకా' అన్న మాట గుర్తుంచుకోండి. పాత ఇంటికి బ్యాంకు ఇంజనీరు తక్కువ విలువ కడితే లోన్ కూడా తగ్గుతుంది. రిజిస్ట్రేషన్ ఖర్చు మామూలుగా ఆ విలువలో కలపరు. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు అన్నీ కలిపి 2021 జూలై నుంచి 7.5 శాతం. అంటే 30 లక్షల ఇంటికి మీ వాటా 3 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 2 లక్షల 25 వేలు, ఆపైన లాయరు, బ్యాంకు ఫీజులు. పాత ఇల్లయితే ధరలో పదో వంతు రిపేర్లకు విడిగా పెట్టుకోమని అందరికీ చెబుతాను. ఆ డబ్బు లేకుండా దిగితే వానాకాలంలో పర్సనల్ లోన్ కోసం పరుగెత్తాల్సి వస్తుంది.

పాత ఇల్లు కొనడం మంచిదా, ప్లాటు కొని కట్టుకోవడం మంచిదా?

కిరాయి కడుతూ ఇల్లు కట్టించడం ఉద్యోగస్తులకు చాలా కష్టం. రోజూ సైటు మీద నిలబడే మనిషి ఇంట్లో లేకపోతే, పునాది, గోడలు గట్టిగా ఉన్న పాత ఇల్లే మేలని నా అభిప్రాయం. అది ఎన్నో వానలు తట్టుకుని నిలబడింది, దాని లోపాలు పైకి కనపడతాయి. కొత్తగా కట్టి రంగులేసి అమ్మకానికి పెట్టిన ఇంట్లో లోపాలు తెలియడానికి ఒక వానాకాలమైనా గడవాలి.

## కాగితాలు చూసే దశ

అమ్మేవాళ్ల దగ్గర ఏయే కాగితాలు అడగాలి?

వాళ్ల రిజిస్టర్డ్ దస్తావేజు, అంతకుముందు చేతులు మారిన లింకు డాక్యుమెంట్లు, ఇంటి పన్ను రసీదు, ఇంటి పర్మిషన్ ప్లాను, కరెంటు బిల్లు అడగండి. ఈసీ, అంటే ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాల వివరాలు చూపే కాగితం, మీరే తీయించండి. ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వెతికించాలి. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే కనపడతాయి. నోటి మాట మీద పంచుకున్న పంపకాలు, రిజిస్టరు కాని అగ్రిమెంట్లు, వీలునామాలు అందులో ఉండవు. ఈసీ క్లీన్‌గా ఉందన్నా సరే, నాలుగు పక్కల ఇళ్లవాళ్లతో ఒక్కసారి మాట్లాడండి. దస్తావేజులోని హద్దులు, కొలతలు పట్టుకుని టేపుతో మీరే కొలవండి. కాగితంలో 150 గజాలుండి, నేల మీద 138 ఉంటే ఆ మాట ధర మాట్లాడక ముందే తేలాలి.

ఇల్లు వాళ్ల తాత పేరున ఉంది. కొడుకులిద్దరూ సంతకం పెడతామంటున్నారు. చాలదా?

చాలదు. మన దగ్గర కోర్టు కేసులు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. తాత సొంతంగా సంపాదించిన ఇల్లయి, వీలునామా లేకుండా పోతే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం కొడుకులతో సమానంగా భార్యకు, కూతుళ్లకు వాటా వస్తుంది. ఉమ్మడి ఆస్తిలో, అప్పటికి పెళ్లి కాని ఆడబిడ్డలకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1985 సెప్టెంబరు నుంచే హక్కు ఇచ్చింది. 2005 సవరణ పెళ్లయిన కూతుళ్లకూ ఆ హక్కు ఇచ్చింది. తండ్రి 2005 నాటికి బతికి లేకపోయినా కూతురికి ఆ హక్కు ఉంటుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

'అక్కకు పెళ్లప్పుడే కట్నం ఇచ్చినం, ఆమె ఏం అడగది' అంటారు. అడగనప్పుడు వచ్చి సంతకం పెట్టడానికి ఇబ్బంది ఏముంది? ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్‌లో ఉన్న ప్రతి పేరూ దస్తావేజులో అమ్మేవాళ్లుగానో, రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రంలోనో కనపడాలి. చనిపోయిన కూతురికి పిల్లలుంటే వాళ్ల సంతకాలూ కావాలి. మైనరు పిల్లల పేరున విడిగా ఉన్న ఆస్తిని తల్లిదండ్రులు అమ్మాలంటే కోర్టు అనుమతి తప్పనిసరి. అది లేకుండా కొంటే ఆ పిల్లలు మేజర్లయ్యాక వచ్చి అడగొచ్చు.

ఊళ్లో ఇల్లు. సర్వే నెంబరు లేదు, గ్రామకంఠం అంటున్నారు. కొనొచ్చా?

గ్రామకంఠం అంటే ఊరు వెలసినప్పటి నుంచి ఇళ్లున్న జాగా. అక్కడ ఇంటింటికీ సర్వే నెంబరు ఉండదు. పంచాయతీ ఇంటి నెంబరు, పన్ను రసీదులు, పాత దస్తావేజులే ఆధారం. కొనడంలో తప్పేం లేదు. అయితే హద్దులు గోడల మీదే నడుస్తాయి కాబట్టి ఉమ్మడి గోడ ఎవరిది, వాకిట్లోంచి పక్కింటివాళ్లకు దారి ఉందా, చూరు నీళ్లు ఎటు పడాలి అన్నవి దస్తావేజులోనే రాయించుకోండి. ఊళ్లో కొట్లాటలన్నీ వీటి మీదే.

నోటరీ కాగితం మీద సగం ధరకే ఇల్లు వస్తోంది. రిస్కు ఎంత?

మీరు ఇచ్చే డబ్బంతా రిస్కులోనే ఉంటుంది. వంద రూపాయలు, ఆపైన విలువున్న స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు కావాల్సిందే. నోటరీ ముద్ర వేసినంత మాత్రాన యాజమాన్యం మారదు. జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు మీదైపోదని 2011లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అలాంటి ఇంటి మీద బ్యాంకు లోన్ రాదు, రేపు మీరు అమ్మాలన్నా సగం ధరే వస్తుంది.

ఇళ్ల స్థలం పట్టా ఉందంటున్నారు. ప్రభుత్వం ఇచ్చింది కదా, భయమెందుకు?

పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ జాగాలను అమ్మడాన్ని, కొనడాన్ని 1977 చట్టం నిషేధించింది. అధికారులు దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. పట్టా అన్న మాట విని ఆగిపోకుండా అది ఎవరిచ్చారో, ఏ షరతులతో ఇచ్చారో చదవండి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో నిషేధిత ఆస్తుల జాబితా ఉంటుంది. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూములు అందులోనే కనపడతాయి. సర్వే నెంబరు కొట్టి చూడడానికి ఐదు నిమిషాలు చాలు.

చెరువు పక్కన ఇల్లు, గాలి బాగుంది, ధర కూడా తక్కువే. తీసుకోవచ్చా?

చెరువు నిండినప్పుడు నీళ్లు ఎక్కడి దాకా వస్తాయో ముందు తెలుసుకోండి. ఆ గీతనే ఎఫ్‌టీఎల్ అంటారు. 2012 నాటి భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకు మించిన చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్న చెరువులకు 9 మీటర్లు వదలాలి. శిఖం భూమి, అంటే చెరువు నీళ్లు నిలిచే భూమి, అయితే అసలు ముట్టుకోవద్దు. ఎండాకాలంలో చూసి మోసపోతారు. ఊళ్లో పెద్దవాళ్లను 'చెరువు అలుగు పారినప్పుడు నీళ్లు ఎక్కడికొచ్చినయ్' అని అడగండి, వేలు పెట్టి చూపిస్తారు.

లేఅవుట్‌కు పర్మిషన్ లేదు, ఎల్ఆర్ఎస్ కట్టారంటున్నారు. చాలా?

ఎల్ఆర్ఎస్ అంటే పర్మిషన్ లేని లేఅవుట్లలోని ప్లాట్లను క్రమబద్ధీకరించే పథకం. అందులో దరఖాస్తు రుసుం కట్టిన రసీదు వేరు, క్రమబద్ధీకరించినట్టు ఇచ్చిన ప్రొసీడింగ్స్ వేరు. 2020లో లక్షలమంది దరఖాస్తు రుసుం కట్టి ఆగిపోయారు. మీకు ప్రొసీడింగ్స్ కాపీ కావాలి. లేదంటే ఇంకా కట్టాల్సిన మొత్తం ఎంతో తేల్చి, దాన్ని ధరలో తగ్గించుకోండి.

## ఇల్లు చూసే దశ

ఇల్లు చూడ్డానికి ఎప్పుడు వెళ్లాలి?

ఒకసారి మంచి వాన పడిన మర్నాడు, ఒకసారి ఎండాకాలం మధ్యాహ్నం, ఒకసారి రాత్రి. వాన తర్వాత స్లాబూ గోడలూ తెలుస్తాయి, మధ్యాహ్నం బోరులో నీళ్లు, పడమటి గోడ వేడి తెలుస్తాయి, రాత్రి ఆ వీధి తెలుస్తుంది. ఒక్క గదికే కొత్త రంగు వేసి ఉంటే, ఆ గదినే ఎక్కువ సేపు చూడండి.

గోడల్లో పగుళ్లున్నాయి. పాత ఇంటికి మామూలే అంటున్నారు. నిజమేనా?

కొన్ని మామూలే. ప్లాస్టరింగ్ మీద సాలెగూడులా వెంట్రుక మందాన ఉండే చీలికలు పెద్ద సమస్య కావు. గోడ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోయే పగులు, తలుపు దర్వాజా పై మూలల నుంచి లేచే పగులు అయితే పునాది కదిలి ఉండొచ్చు. గద్వాల, అలంపూర్ వైపు నల్లరేగడి నేలలు వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతాయి. లోతు తక్కువ పునాది వాటితో పాటే లేచి దిగుతుంది. ఎర్రనేలలో ఈ బాధ తక్కువ.

పగులు ఆగిందా, ఇంకా పెరుగుతోందా అన్నదే అసలు ప్రశ్న. పగులు చివర పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాయండి. రెండు మూడు వారాల తర్వాత వచ్చి చూస్తే అది గీత దాటిందో లేదో తెలుస్తుంది. బయానా ఇచ్చే లోపు అంత టైం అడిగితే తప్పేం కాదు. పిల్లర్ పొడవునా, లోపలి ఇనుము దారిలోనే నిట్టనిలువు పగులుంటే ఇనుము తుప్పు పట్టి ఉబ్బుతోందని అర్థం. అప్పుడు స్ట్రక్చరల్ ఇంజనీరును తీసుకెళ్లండి, మేస్త్రీ మాట మీద ఆగొద్దు.

బోరు నీళ్లు తియ్యగా ఉన్నాయి. తాగొచ్చు కదా?

నల్లగొండ జిల్లాలో ఈ ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. ఫ్లోరైడ్‌కు రుచి, వాసన, రంగు ఏవీ ఉండవు. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు తరతరాలుగా పళ్లు గారపట్టినవాళ్లను, ఎముకలు వంకర్లు పోయినవాళ్లను చూసిన జిల్లా మనది. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015లో చౌటుప్పల్‌లో పెట్టడం వెనుక ఉన్న బాధ ఇదే. తాగే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఫర్వాలేదు, వేరే దారి లేనప్పుడు 1.5 దాకా అని భారత ప్రమాణాల సంస్థ చెబుతుంది.

శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అదే నీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, లీటరు నింపి ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి ప్రపంచమంతా 'నల్లగొండ టెక్నిక్' అనే పేరు. నాగపూర్‌లోని నీరీ సంస్థ రూపొందించిన ఆ పద్ధతిలో కొలతలు కచ్చితంగా ఉండాలి, ఇంట్లో ఊహతో కలిపితే పని చేయదు. భగీరథ నల్లా ఉన్న ఇల్లయితే తాగడానికి, వంటకు ఆ నీళ్లే వాడుకుని, బోరును మిగతా వాడకానికి ఉంచండి. నల్లా లేకపోతే ఆర్ఓ ఫిల్టర్ ఖర్చు కూడా ఇంటి ధరలో కలిపి లెక్కేసుకోండి. చిన్న పిల్లలున్న ఇల్లయితే ఈ పరీక్ష చేయించకుండా బయానా ఇవ్వొద్దని బతిమాలుతున్నాను.

రాతి గోడలు, దూలాల మీద బండల కప్పు ఉన్న పాత ఇల్లు. కూలగొట్టాల్సిందేనా?

తొందరపడొద్దు. డంగు సున్నంతో కట్టిన రెండడుగుల రాతి గోడ మన ఎండలకు ఇప్పటి ఆరంగుళాల గోడకన్నా చల్లగా ఉంటుంది. దూలాలు గోడలోకి దిగే చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి. మెత్తగా దిగిపోతే చెదలో, చెమ్మో తినేసిందని అర్థం. దూలాలు గట్టిగా ఉంటే కప్పును బాగు చేసుకుని హాయిగా ఉండొచ్చు. దాని మీద రెండో అంతస్తు ఆశ మాత్రం పెట్టుకోవద్దు.

## బయానా నుంచి రిజిస్ట్రేషన్ దాకా

బయానా ఎంత ఇవ్వాలి? కాగితంలో ఏం రాయించుకోవాలి?

ఎంత తక్కువైతే అంత మంచిది. నగదుగా మొత్తం 20,000 రూపాయలకు పోకుండా, బ్యాంకు ద్వారానే పంపండి. స్థిరాస్తి బేరంలో అంత గానీ, అంతకంటే ఎక్కువ గానీ నగదు తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. కాగితంలో మొత్తం ధర, గడువు తేదీ, పాత బాకీలు ఎవరు కట్టాలి, ఇల్లు ఏ రోజు ఖాళీ చేస్తారు అన్నవి ఉండాలి. అందరూ మర్చిపోయే వాక్యం ఒకటుంది: కాగితాల్లో లోపం వల్ల బ్యాంకు లోన్ ఇవ్వకపోతే బయానా పూర్తిగా వెనక్కి ఇవ్వాలి. ఈ ఒక్క మాట రాయించుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ప్రభుత్వ విలువకే రాయిద్దాం, మిగతాది చేతికివ్వమంటున్నారు. అందరూ చేసేదే కదా?

అందరూ చేసినా మీకే నష్టం. లోన్ దస్తావేజులోని విలువను బట్టే వస్తుంది కాబట్టి తగ్గిపోతుంది. రేపు మీరు అమ్మినప్పుడు లాభం ఎక్కువగా కనపడి పన్ను పెరుగుతుంది. కేసు పడి బేరం రద్దయితే చేతికిచ్చిన డబ్బుకు రుజువు ఉండదు. అసలు ధరే రాయించండి. 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకు ఇచ్చే డబ్బులోంచి ఒక శాతం పన్ను (టీడీఎస్) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాల్సిన బాధ్యత కొనేవాళ్లదే.

బ్యాంకు లోన్ ఇచ్చిందంటే కాగితాలు సరిగ్గా ఉన్నట్టే కదా?

బ్యాంకు లాయరు చూసేది బ్యాంకు డబ్బు వెనక్కి వస్తుందా అని. మీ తరఫున చూసే లాయరు వేరే ఉండాలి, అదీ ఆ తాలూకాలో ప్రాక్టీసు చేసేవాళ్లయితే పాత గొడవలు తెలిసి ఉంటాయి. ఆ ఫీజు దగ్గర బేరమాడొద్దు.

రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంకా ఏం మిగిలింది?

మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో ఇంటి పన్ను మీ పేరుకు మారిందో లేదో చూసుకోండి. కరెంటు మీటరు పేరు మార్పుకు టీజీఎస్పీడీసీఎల్‌లో దరఖాస్తు పెట్టండి. నల్లా కనెక్షన్ కూడా మార్పించండి. పాత బకాయిలుంటే ఈ దశలోనే బయటపడతాయి, అందుకని చివరి చెల్లింపు ముందే బిల్లులన్నీ అడిగి చూసుకోవాలి. తాళం చేతులు తీసుకున్న రోజే తాళాలు మార్చండి.

## రిపేర్ల దశ

డబ్బు కొంచెమే ఉంది. ఏ పని ముందు?

స్లాబు కురవడం ఆపడం, తర్వాత డ్రైనేజీ, నీళ్ల పైపులు, ఆ తర్వాత కరెంటు వైరింగ్, అప్పుడు ప్లాస్టరింగ్, ఫ్లోరింగ్, చివరికి లప్పం, రంగులు. ఈ వరుస తప్పితే చేసిన పనినే పగలగొట్టుకోవాల్సి వస్తుంది.

స్లాబు కురుస్తోంది. పైన సిమెంటు పూస్తే ఆగుతుందా?

ఒక వాన ఆగుతుందేమో. ముందు నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో తేల్చండి. చాలా ఇళ్లలో స్లాబు మధ్యలో ఏ లోపమూ ఉండదు, పిట్టగోడ స్లాబును కలిసే మూల దగ్గరో, నీళ్లు పోయే గొట్టం చుట్టూనో దిగుతాయి. గొట్టం మూసేసి, స్లాబు మీద రెండంగుళాల నీళ్లు ఒక రోజు నిలబెట్టి కింద చూస్తే చోటు తెలుస్తుంది. స్లాబు బలహీనంగా కనపడితే మాత్రం ఈ పరీక్ష చేయొద్దు.

లోపలి నుంచి పైకప్పును కర్రతో తట్టుకుంటూ పోండి. గట్టి చోట ఠంగుమంటుంది, పెచ్చు వదిలిన చోట డొల్లగా పలుకుతుంది. ఇనుప చువ్వల దారిలో గోధుమ రంగు చారలుంటే తుప్పు మొదలైనట్టే. అక్కడ వదులు కాంక్రీటంతా చెక్కేసి, చువ్వ వెనక దాకా శుభ్రం చేసి, వైరు బ్రష్‌తో తుప్పు రుద్ది, తుప్పు ఆపే కోటింగ్ వేసి, పాలిమర్ కలిపిన మాలుతో పూడ్చాలి. మామూలు సిమెంటు మెత్తితే ఆ పెచ్చు ఏదో ఒక రాత్రి మంచం మీద పడుతుంది. పైన పగుళ్లు తెరిచి నింపి, మూలల్లో గుండ్రంగా మాలు పెట్టి, వాటర్‌ప్రూఫ్ కోటు రెండుసార్లు వేయించండి. రోహిణి ఎండలు తగ్గి మృగశిర వచ్చేలోపు ఈ పని అయిపోవాలి.

సుతారి మేస్త్రీతో గుత్తకు మాట్లాడాలా, రోజు కూలికా?

కొలిచి చెప్పగలిగే పనికి గుత్త: ప్లాస్టరింగ్, టైల్స్, రంగులు. తవ్వితే గానీ తెలియని పనికి రోజు కూలి: పాత పైపులు, తుప్పు పట్టిన స్లాబు. అలాంటి పని గుత్తకిస్తే తొందరగా మూసేస్తారు, వాళ్ల తప్పు కూడా కాదు, గిట్టుబాటు అలా ఉంటుంది. డబ్బు పనిని బట్టి విడతలుగా ఇవ్వండి. సామాను మీరే తెప్పించండి. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో కొత్త ప్లాస్టరింగ్‌కు కనీసం వారం నీళ్లు పట్టాలి. ఆ పని ఎవరిదో ముందే తేల్చుకోకపోతే ఎవరూ చేయరు.

గోడలకు కింది నుంచి మూడడుగుల దాకా చెమ్మ వస్తోంది. టైల్స్ అంటిస్తే పోదా?

టైల్స్ వెనక చెమ్మ ఇంకా పైకి పాకుతుంది. బయట గోడ పక్కన నీళ్లు నిలుస్తున్నాయా, బాత్‌రూమ్ పైపు లీకవుతోందా, వీధి ఎత్తు పెరిగి ఇంటి నేల కిందికి పోయిందా చూడండి. మున్సిపాలిటీ సీసీ రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోయిన వీధుల్లో ఈ చివరి కారణమే ఎక్కువ. నీళ్ల దారి మళ్లించి, ఉప్పు పట్టిన ప్లాస్టరింగ్ చెక్కేసి, గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వండి. గచ్చు మీద షాబాద్ బండలు గట్టిగా ఉంటే తీసేయొద్దు, పాలిష్ పట్టిస్తే తక్కువ ఖర్చులో బాగుంటాయి.

హాలు చిన్నగా ఉంది. మధ్య గోడ తీసేయొచ్చా?

పిల్లర్లు లేని పాత ఇల్లయితే ఆ గోడే స్లాబును మోస్తోంది. ఇంజనీరు చూసి బీము వేయమంటే తప్ప ముట్టుకోవద్దు. పిల్లర్ల ఇంట్లో నాలుగున్నర అంగుళాల అడ్డుగోడ అయితే మామూలుగా తీయొచ్చు, అయినా ఒకసారి అడగండి.

వైరింగ్ పాతదే ఉంచొచ్చా?

ఏసీ, గీజరు పెట్టే ఆలోచన ఉంటే మార్పించండి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీ, గీజర్లకు 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వాడతారు. ఎర్తింగ్ గుంతలో నీళ్లు పోసి, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి. షాకు కొట్టినప్పుడు కరెంటును క్షణంలో ఆపేది అదే.

## చేరే దశ

ముహూర్తం దగ్గరపడింది, పని కాలేదు. ఏం చేయాలి?

పాలు పొంగించి, పూజ చేసుకుని, సామాను మాత్రం పని అయ్యాక తెచ్చుకోండి. ఆషాఢం, మూఢం వస్తున్నాయని మేస్త్రీని తొందరపెడితే తడి గోడ మీదే లప్పం వేస్తారు, ఆర్నెల్లలో పొరలు పొరలుగా ఊడుతుంది. పెద్దవాళ్లకు ముందే నచ్చజెప్పండి, చాలామంది ఒప్పుకుంటారు.

లోన్ తీరాక ఒరిజినల్ కాగితాలు ఎప్పుడిస్తారు?

30 రోజుల్లో ఇవ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023 డిసెంబరు నుంచి నిబంధన పెట్టింది. లోన్ తీసుకునే రోజే ఏయే కాగితాలు ఇచ్చారో జాబితా రాసి, బ్యాంకు ముద్ర వేయించి దాచుకోండి. కలర్ జిరాక్సులు ఒక సెట్టు ఇంట్లో, ఇంకొకటి అమ్మగారింట్లోనో అన్నదమ్ముల దగ్గరో ఉంచండి. లోన్ మూసేశాక ఈసీ మళ్లీ తీసి, తనఖా తీసేసినట్టు అందులో ఎక్కిందో లేదో చూసుకోండి.